నావకి ఏ మేకు కొట్టాలి?



ఈ నెల గోడపత్రికలో సైన్స్ పాఠం నా వంతుకి వచ్చింది. మేకుల గురించి రాస్తానంటే మా గదిలో కొందరు నవ్వారు. రాకెట్ గురించి రాయరా, ఉపగ్రహం గురించి రాయరా అన్నారు. కానీ ఒక్కసారి ఆలోచించండి. మన హాస్టల్లో శబరి ఒడ్డు నుంచి, గోదావరి ఒడ్డు నుంచి, వాగుల అవతలి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నాం. సెలవులకి ఇంటికి పోవాలంటే మాలో ఎంతోమందికి నావే దిక్కు. రేషను బియ్యం దాటించేది నావ. జ్వరం వచ్చిన పిల్లల్ని, నొప్పులు పడే ఆడవాళ్ళని ఆసుపత్రి ఒడ్డుకి చేర్చేది నావ. మనం రాకెట్ ఎక్కుతామో లేదో తెలియదు గానీ నావ మాత్రం ఎక్కుతాం.

నావ అంటే పలకలు. పలకల్ని పట్టి ఉంచేది మేకు. పలక కుళ్ళితే కంటికి కనబడుతుంది, వేలితో నొక్కితే దిగుతుంది. మేకు కుళ్ళితే పైకి కనబడదు. తల బాగానే ఉంటుంది, లోపల ఒళ్ళు ఉండదు. అందుకే మేకుని కొనేటప్పుడే తెలిసి కొనాలి.

మేకు లేని నావలు

ముందు ఒక సంగతి. నావకి మేకు తప్పనిసరి కాదు. ఒకే చెట్టు మొద్దుని తొలిచి చేసే దోనెకి మేకుతో పని లేదు. మన సముద్రతీరంలో జాలర్లు దుంగల్ని తాళ్ళతో కట్టి తెప్ప చేసుకున్నారు. మసులా పడవ అని ఇంకొకటి ఉండేది. దాని పలకల్ని కొబ్బరి పీచు తాడుతో బట్ట కుట్టినట్టు కుట్టేవారు. ఒడ్డున విరిగే కెరటం కొడితే ఆ కుట్టు కాస్త వంగి ఊరుకుంటుంది. బిర్రుగా మేకులు కొట్టిన పడవ అయితే అదే దెబ్బకి పలకలు వదులవుతాయి. చదువు లేకపోయినా ఆ పెద్దవాళ్ళకి ఎంత శాస్త్రం తెలుసో చూడండి.

అయితే దోనెకి సరిపడే లావు చెట్టు ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? పలకలు కోసి, లోపల అడ్డకర్రలు పెట్టి, మేకులతో బిగించే నావలే మనకి ఎక్కువ. కాబట్టి మేకు సంగతి చూద్దాం.

మా ఊరి నావ చెప్పిన ప్రశ్న

పోయిన వేసవిలో ఏరు తగ్గాక మా ఊరి నావని ఒడ్డుకి లాగి బోర్లించారు. వడ్రంగి పని చేసేది మా మామ. నేనూ ఇంకో ఇద్దరం సాయం పట్టాం. అడుగున ఒక పలకకి ఎప్పుడో చీలిక వస్తే, దాని మీద పాత రాగి బిందె రేకు కత్తిరించి పట్టీ వేసి ఉంది. ఎవరు వేశారో, ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు. రేకు చుట్టూ ఇనుప మేకులు.

మామ సుత్తి చీలికతో ఒక మేకు తల పట్టి లాగాడు. తల ఊడి చేతిలోకి వచ్చింది. ఒళ్ళు తుమ్మముల్లంత సన్నంగా, నల్లగా ఉంది. అలాంటివే వరసగా తొమ్మిది. ఆ రేకు అసలు పలకని పట్టుకుని లేదు, గుగ్గిలం వల్ల అతుక్కుని ఉంది అంతే! అదే నావలో రాగి రేకుకి మూరెడు దూరంలో ఉన్న ఇనుప మేకుల్ని లాగితే అవి తుప్పు పట్టి ఉన్నా గట్టిగానే వచ్చాయి.

మామ నన్ను అడిగాడు. "ఏరా, పదో తరగతి అంటావుగా. నీళ్ళు అవే, కర్ర అదే, మేకు అదే. రాగి పక్కనున్న మేకే ఎందుకు చచ్చింది?"

ఆ ప్రశ్న పట్టుకుని బడికి వచ్చాక మా సైన్స్ మాస్టారిని అడిగాను. ఆయన లైబ్రరీ పుస్తకాలు తీసి ఇచ్చారు. చదివితే తెలిసింది, ఇదే ప్రశ్న రెండున్నర శతాబ్దాల క్రితం ఇంగ్లండు నౌకాదళానికే ఎదురైందని.

అలారం అనే ఓడ కథ

సముద్రంలో కర్రని తొలిచే పురుగు ఉంటుంది. ఓడ అడుగుని జల్లెడ చేస్తుంది. దాని బాధ తప్పించడానికి 1761లో ఇంగ్లండు వాళ్ళు 32 ఫిరంగుల 'అలారం' అనే యుద్ధ ఓడ అడుగంతా రాగి రేకు తొడిగారు. దాన్ని పురుగు ఎక్కువగా ఉండే వెస్టిండీస్ సముద్రానికి పంపారు. 1763లో పరీక్ష చేశారు. పురుగు రాలేదు. రాగి బాగానే ఉంది. కానీ రాగికి తగిలిన ఇనుప మేకులు మాత్రం తుప్పు ముద్దలైపోయాయి!

ఇంకో విచిత్రం కూడా కనిపెట్టారు. రాగి రేకుల్ని ముదురు రంగు కాగితంలో చుట్టి తెచ్చారు. కొన్నిచోట్ల ఆ కాగితం తీయకుండా అలాగే కొట్టేశారు. కాగితం అడ్డం ఉన్నచోట ఇనుము బాగానే ఉంది. అంటే రెండు లోహాలూ ఒకదానికొకటి తగలకపోతే చాలన్నమాట.

సరే, కాగితం అడ్డం పెడదాం అనుకున్నారు. తర్వాత ఎన్నో ఓడలకి అలాగే చేశారు. లాభం లేకపోయింది. నీరు సందుల్లోకి దిగి ఓడల్లో ఇనుప బోల్టులు తినేసింది. చివరికి 1780ల్లో ఇనుప బోల్టులు మానేసి, రాగితో చేసినవే వాడటం మొదలుపెట్టారు. రాగి రేకుకి రాగి బోల్టు. అప్పటికి గాని గొడవ తీరలేదు.

మామ కూడా "మధ్యలో సైకిలు ట్యూబు ముక్క వేస్తే సరిపోదా?" అన్నాడు. అలారం ఓడ కాగితం లాంటిదే అది. మేకు రేకులో నుంచి దూరి పోతుంది కదా, రంధ్రం అంచున తగలనే తగులుతుంది.

కారణం ఏమిటి?

మనం చదువుకునే పాఠమే. లోహాలన్నీ ఎలక్ట్రాన్లని ఒకేలా వదలవు. కొన్ని తొందరగా వదులుతాయి, కొన్ని పట్టుకుని కూర్చుంటాయి. పుస్తకంలో ప్రమాణ పొటెన్షియళ్ళు ఇలా ఉంటాయి:

జింకు: −0.76 వోల్టు
ఇనుము: −0.44 వోల్టు
రాగి: +0.34 వోల్టు

రెండు లోహాలు ఒకదానికొకటి తగిలి, రెండూ ఒకే తడిలో ఉంటే అది ఒక బ్యాటరీ అయిపోతుంది. పట్టికలో పైన ఉన్నది కరుగుతుంది, కింద ఉన్నది బతుకుతుంది. ఇనుము, రాగి కలిస్తే ఇనుము చస్తుంది. జింకు, ఇనుము కలిస్తే జింకు చచ్చి ఇనుముని కాపాడుతుంది.

మూడు మాటలు గుర్తుంచుకోండి.

ఒకటి, తడి. ఉప్పునీరు కరెంటుని బాగా పోనిస్తుంది. సముద్రం నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పులు ఉంటాయి. ఏటినీరు మంచినీరు కాబట్టి కరెంటు బలహీనం. అందుకే మా నావలో రాగి దెబ్బ మూరెడు దూరం పోలేదు, తగిలినచోటనే తినేసింది. అదే నావ యానాం దగ్గర ఉప్పు కలిసే చోట తిరిగి ఉంటే ఇంకా ముందే పోయేది.

రెండు, తాకిడి. తగలకపోతే ఈ గొడవ లేదు.

మూడు, సైజు. పెద్ద రాగి రేకుకి చిన్న ఇనుప మేకు అయితే దెబ్బంతా ఆ చిన్నదాని మీదే పడుతుంది. ఊరంతా కలిసి ఒక్కడి ఇంట్లో భోజనానికి కూర్చున్నట్టు!

ఇదే సంగతిని 1824లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త తిరగేసి వాడుకున్నాడు. ఓడల రాగి రేకు సముద్రంలో మెల్లగా కరిగిపోతుంటే, దానికి చిన్న జింకు ముక్కో ఇనుము ముక్కో తగిలించాడు. ఆ ముక్క కరిగింది, రాగి నిలిచింది. అయితే రాగి కరగడం మానేసరికి దాని విషం నీటిలో కలవలేదు. ఓడ అడుగున నాచూ గుల్లలూ పట్టేశాయి! అయినా ఆ ఉపాయం వృథా పోలేదు. నేటికీ ఇనుప ఓడలకి జింకు దిమ్మలు బిగించి ఓడని కాపాడుతున్నారు.

మేం చేసిన ప్రయోగం

మాస్టారి ఎదుట నాలుగు గాజు గ్లాసుల్లో చేశాం. మీరూ చేయవచ్చు. మెస్సులో స్టీలు గ్లాసులు మాత్రం వాడకండి, అవీ లోహమే.

మొదటి గ్లాసు: ఉప్పునీరు, ఒక కొత్త ఇనుప మేకు.
రెండో గ్లాసు: ఉప్పునీరు, రాగి తీగ బిర్రుగా చుట్టిన మేకు.
మూడో గ్లాసు: ఉప్పునీరు, జింకు రేకు చుట్టిన మేకు. (మామూలు టార్చి సెల్లు పైడబ్బా జింకే. దాన్ని మాస్టారు కోసి ఇచ్చారు. మీ అంతట మీరు సెల్లు పగలగొట్టవద్దు.)
నాలుగో గ్లాసు: మరగబెట్టి చల్లార్చిన నీరు, మేకు, పైన ఒక పొర నూనె.

మర్నాటికే రెండో గ్లాసులో ఎర్రమన్ను కలిపినట్టయింది. మొదటి దానిలో తుప్పు ఉంది గానీ అంత కాదు. మూడో దానిలో మేకు మెరుస్తూనే ఉంది, జింకు చుట్టూ తెల్లటి మడ్డి వచ్చింది. నాలుగో దానిలో నీరు తేటగా ఉంది, ఎందుకంటే తుప్పుకి నీటితో పాటు గాలి కూడా కావాలి. ఆ నాలుగు గ్లాసుల బొమ్మలే పక్కన రంగు పెన్నులతో వేశాం, చూడండి.

కర్ర కూడా మేకుని తింటుంది

కరక్కాయ మనందరికీ తెలుసు. అడవిలో ఏరి అమ్ముతాం. దంచి నీళ్ళలో వేసి ఒక తుప్పు మేకు పడేయండి. తెల్లారేసరికి నల్ల సిరా! కరక్కాయలో ఉండే టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిస్తే నలుపు వస్తుంది. కలంకారీ బట్టల మీద నలుపు వచ్చేది కూడా ఇలాగే. బట్టని కరక్కాయ నీళ్ళలో ముంచి, బెల్లంలో ఊరబెట్టిన ఇనుము రసంతో గీస్తారు.

మద్ది, తుమ్మ లాంటి చెట్లలోనూ ఆ వగరు ఉంటుంది. అలాంటి తడికర్రలో ఇనుప మేకు దిగితే చుట్టూ నల్ల మచ్చ వస్తుంది. ఆ మచ్చ అందానికి సంబంధించింది కాదు, మేకు కరుగుతోందని చెప్పే గుర్తు. తుప్పుకి ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి. అది ఉబ్బి కర్రని లోపలి నుంచి చీలుస్తుంది. చుట్టూ కర్ర మెత్తబడి రంధ్రం పెద్దదవుతుంది. ఇక మేకు ఉన్నా లేనట్టే. కాబట్టి నావని బోర్లించినప్పుడు ముందు నల్ల మచ్చలు వెతకండి.

అంగడిలో దొరికే మేకులు: ఏది ఎక్కడ?

1. సాదా ఇనుప మేకు. చవక, బలం. నీటిలో ఆయుష్షు తక్కువ. గుడిసెకి, కంచెకి సరే గానీ నావ అడుగుకి వద్దు.

2. జి.ఐ. మేకు. ఇనుము మీద జింకు పూత. ఇందులో రెండు రకాలు. కరెంటుతో పూత వేసింది నున్నగా, తళతళలాడుతుంది, పూత చాలా పలచన. కరిగిన జింకులో ముంచి తీసింది బూడిదరంగులో, గరుకుగా ఉంటుంది, పూత మందం. (జింకు 420 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది.) నావకి కావలసింది ఈ గరుకుదే. మెరుపు చూసి మోసపోకండి. సుత్తి దెబ్బకి తల మీద పూత లేస్తుంది కాబట్టి తలని కర్రలోకి దించి మూసెయ్యాలి.

3. ఇత్తడి స్క్రూ. చూడటానికి బంగారం. ఇత్తడి అంటే రాగి, జింకు కలిపిన లోహం. ఉప్పునీటిలో అందులోని జింకు కరిగిపోయి గుల్ల రాగి మిగులుతుంది. పసుపు పోయి గులాబీ రంగు వస్తే అది చచ్చినట్టే, వేళ్ళతో విరుగుతుంది. నీటిమట్టానికి పైన, లోపలి పెట్టెలకీ తలుపులకీ అయితే ఫరవాలేదు.

4. రాగి మేకు. మెత్తన. ముందు రంధ్రం చేయకుండా కొడితే వంగిపోతుంది. రంధ్రం చేసి, అవతలికి దూర్చి, చిన్న రాగి బిళ్ళ తొడిగి, కొన కత్తిరించి సుత్తితో అణచాలి. అప్పుడు రెండు వైపులా తల ఉన్నట్టే. పలకల నావలకి తరతరాలుగా నిలిచిన పద్ధతి ఇది. ధర ఎక్కువ.

5. సిలికాన్ కంచు. సుమారు 96 పాళ్ళు రాగి, 3 పాళ్ళు సిలికాన్. ఇత్తడిలాగా కరిగిపోయే జింకు గొడవ లేదు. రాగి కన్నా గట్టి. స్క్రూలకీ బోల్టులకీ చాలా మంచిది. మన అంగళ్ళలో దొరకడం కష్టం.

6. స్టెయిన్‌లెస్ స్టీలు. దీని మీద క్రోమియం వల్ల కంటికి కనబడని పొర ఏర్పడి కాపాడుతుంది. ఆ పొర నిలవాలంటే గాలి తగలాలి. నానిన కర్ర లోపల గాలి ఉండదు. అక్కడ పొర పోయి, సన్న గుంటలు పడి తినేస్తుంది. పైన తల మాత్రం కొత్తగా మెరుస్తుంటుంది! 304 అనే రకం కన్నా 316 అనే రకం మేలు, అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. అయినా నీటిమట్టం పైన వాడటమే క్షేమం.

కొనేటప్పుడు పాత రేడియో స్పీకరు అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని పోండి. రాగి, ఇత్తడి, కంచు అయస్కాంతానికి అంటవు. అంటిందంటే లోపల ఇనుము, పైన పూత. అయితే సాదా మేకూ జి.ఐ. మేకూ రెండూ అంటుతాయి, అక్కడ కంటినే నమ్ముకోవాలి.

కొట్టే పద్ధతి

మంచి మేకు తెచ్చి చెడ్డగా కొడితే ఏం లాభం? మామ చెప్పినవీ, పుస్తకంలో చదివినవీ కలిపి రాస్తున్నాను.

అంగుళం మందం పలకకి రెండున్నర నుంచి మూడు అంగుళాల మేకు. ఎక్కువ భాగం లోపలి అడ్డకర్రలో దిగాలి.

మేకు కన్నా కొంచెం సన్నం రంధ్రం ముందే తొలచాలి. లేకపోతే పలక చీలుతుంది.

మేకులన్నీ ఒకే గీత మీద కొట్టకూడదు. ఎడమా కుడీ మార్చి కొట్టాలి. పలక అంచుకి మరీ దగ్గర పనికిరాదు.

స్క్రూ బిగిసిపోతుంటే సబ్బు రాస్తారు కొందరు. సబ్బు చెమ్మని పట్టి ఉంచుతుంది. తేనెమైనం రాయండి, అది మన ఇళ్ళలోనే ఉంటుంది.

పచ్చికర్రలో కొట్టకండి. ఆరాక కర్ర కుంచించుకుని మేకు వదులవుతుంది.

తల దించిన గుంటని అదే కర్ర బిరడాతో మూసి గుగ్గిలం పెట్టాలి.

పాత రంధ్రంలో కొత్త మేకు కొట్టకండి, దాని పక్కన మంచి కర్రలో కొట్టండి.

ఏటా ఏరు తగ్గినప్పుడు నీటిమట్టం కింద ప్రతి పలక నుంచీ ఒక మేకు లాగి చూడాలి. తలని చూసి సంతోషపడకూడదు.

మా ఊళ్ళో ఏం చేశారు?

కారణం తెలిశాక సెలవులో మామకి చెప్పాను. అప్పటికి నావ పని పూర్తి కాలేదు. ఊళ్ళో పంచాయితీ జరిగింది. అంతా రాగి మేకులే వేయిద్దామంటే చందాలు చాలలేదు. సగం రాగి, సగం ఇనుము వేద్దామని ఒక పెద్దాయన అన్నాడు. బోర్డు మీద రాసినట్టు నేల మీద బొగ్గుతో గీసి చూపించాను, సగం సగం వేస్తే రాగి డబ్బులు పెట్టి ఇనుముని చంపుకున్నట్టే అని. మామ తొమ్మిది మేకులూ గుడ్డలో కట్టి ఉంచాడు, అవి విప్పి మధ్యలో పెట్టాడు. ఇంకెవరూ సగం మాట ఎత్తలేదు.

చివరికి రాగి రేకు తీసేశారు. చీలిన పలక మార్చి, నావ అడుగంతా ముంచి తీసిన గరుకు జి.ఐ. మేకులే కొట్టారు. రాగి అంత కాలం రావు. కానీ అవి ఒకదాన్నొకటి తినవు, ఏటా చూసుకుంటూ మార్చుకోవచ్చు. రేకు అమ్మితే వచ్చిన డబ్బులు మేకుల్లోకే పోయాయి.

కాబట్టి మిత్రులారా, నావకి ఏ మేకు కొట్టాలి అంటే మూడు అడగండి. ఏ నీరు? ఏ కర్ర? పక్కన ఏ లోహం? డబ్బు ఉంటే రాగి, లేకపోతే మంచి జి.ఐ. ఏదైనా సరే, ఒక నావకి ఒకటే లోహం. ఈ దసరా సెలవులకి పోయినప్పుడు మీ ఊరి నావ కింద ఒకసారి తొంగి చూడండి. రాగి పక్కన ఇనుము కనబడితే పెద్దవాళ్ళకి చెప్పండి. చిన్నపిల్లల మాట అని ఊరుకుంటే ఒక మేకు లాగి చూపించమనండి.

ఆలోచించండి

1. ఇనుప రేకుకి రాగి మేకులు కొడితే, రాగి రేకుకి ఇనుప మేకులు కొట్టినంత తొందరగా చెడదు. ఎందుకు?
2. మన హాస్టలు జి.ఐ. నీళ్ళ బకెట్టుకి గీత పడినా అక్కడ వెంటనే తుప్పు రాదు. ఎందుకు?
3. స్టెయిన్‌లెస్ గ్లాసు ఏళ్ళ తరబడి బాగుంటుంది, నానిన కర్రలో అదే లోహం చెడుతుంది. తేడా ఎక్కడ?

జవాబులు కాగితం మీద రాసి లైబ్రరీ పెట్టెలో వేయండి. సరైనవి వచ్చే గోడపత్రికలో మీ పేర్లతో రాస్తాం.